ఆక్టేవియా 1.8 టర్బో ఇంజన్ విప్పినం, పిస్టన్లు రాడ్లు ఏవి వేయిద్దాం?

మిర్యాల టర్బో (మిర్యాలగూడ)
అందరికి నమస్తే. మస్తు రోజుల నుంచి ఇక్కడ ఊకె చదువుకుంట పోతున్న గాని రాసుడు ఇదే ఫస్టు. నా బండి 2006 ఆక్టేవియా ఆర్ఎస్, 1.8 టర్బో, 20 వాల్వులది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు 150 హార్స్‌పవర్, నేను కొన్నంక రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగు మార్చుడు) చేయించి, ఓపెన్ ఫిల్టర్ (డబ్బా లేని ఎయిర్ ఫిల్టర్) పెట్టి, బూస్ట్ (టర్బో గాలి ప్రెషర్) పెంచి నడుపుతున్న. మొన్న నార్కట్‌పల్లి దాటి నల్లగొండ దిక్కు వస్తుంటే అద్దంల చూస్తే వెనకంత నీలం పొగ, పక్కకు ఆపి బానెట్ లేపితే డిప్‌స్టిక్ పైకి ఎగదన్ని ఇంజన్ మీదంత ఆయిల్ చిమ్మి ఉంది. ఇంటికి టోయింగ్. కంప్రెషన్ చూస్తే మూడు సిలిండర్లు 11 బార్ దగ్గర, మూడోది 6. హెడ్ ఇప్పి పిస్టన్ బయటికి తీస్తే టాప్ రింగ్ కింద గట్టు విరిగి ముక్క లేసొచ్చింది.

ఇగ ఎట్లాగూ ఇప్పినం కదా అని ఫోర్జ్‌డ్ పిస్టన్లు, హెచ్ బీమ్ రాడ్లు (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపేవి, అడ్డం కోస్తే హెచ్ అక్షరం లెక్క ఉండేవి) వేసి కొంచెం పెద్ద టర్బో పెడదామని ఉంది, 260-280 దాక. ఆన్‌లైన్ల 82 ఎంఎం పిస్టన్ల సెట్టు కార్ట్‌ల పెట్టిన, రేపు పేమెంట్ కొడుదామని. ఒకసారి మీరు చూసి చెప్పుర్రి.

పాలమూరు పిస్టన్ (మహబూబ్‌నగర్)
కొట్టెయ్ అన్నా, ఏం ఆలోచిస్తున్నవ్. 2618 అల్యూమినియం ఫోర్జ్‌డ్ పిస్టన్లు, హెచ్ బీమ్, 82 బోర్. ఒక్కసారి ఖర్చు, మళ్ల జన్మల ఇప్పే పని లేదు. 82 అంటే 1825 సీసీ అయితది, ఆ తేడా కూడా కలిసొస్తది.

లేత్ కాక (నల్లగొండ)
తమ్మి మిర్యాల, ఆ పేమెంట్ జర ఆపు. బోర్ గేజ్ పెట్టి సిలిండర్ లోపటి వెడల్పు కొలిచినవా లేదా అది చెప్పు ముందు. బ్లాక్ కొలవకుండ పిస్టన్ కొనుడంటే కాలు కొలవకుండ చెప్పులు కొన్నట్టే. నేను 31 ఏండ్ల సంది బోరింగ్ మిషన్ మీద ఉన్న, పిస్టన్ సెట్టు సంకల పెట్టుకొని వచ్చి "కాకా దీనికి సరిపోయేటట్టు బోర్ కొట్టు" అనేటోళ్లే సగం మంది. అరె, ఆ బ్లాక్‌కు ఏం కావాలె అన్నది బ్లాక్ చెప్తది, నువ్వు కాదు నేను కాదు.

పైన, నడుమ, కింద మూడు చోట్ల, అటు ఇటు రెండు దిక్కుల కొలువు. నాలుగు సిలిండర్లు కలిపి 24 రీడింగులు. రాసుకొచ్చి ఇక్కడ పెట్టు. ఇంకొకటి, ఆ విరిగిన పిస్టన్ ఫోటో పెట్టు, స్కర్టు (పిస్టన్ కింది పక్కభాగం) మీద గీతలు నిలువుగ ఉన్నయా, బూడిద రంగుల అరిగినట్టు ఉన్నదా చూసి చెప్పు. ఎందుకు పోయిందో తెల్వకుంట కొత్తది వేస్తే అది కూడ గదే తొవ్వల పోతది.

డీజిల్ మామ (సూర్యాపేట)
మా ట్రాక్టర్‌కు లైనర్ పిస్టన్ కిట్టు తెచ్చి పొద్దుగాల వేస్తే సాయంత్రానికి దమ్ము చేసినం. మీరేందిరా బాబు 24 సార్లు కొలుసుడు 😄

లేత్ కాక (నల్లగొండ)
మామా, అది వెట్ లైనర్. గుంజి పారేసి కొత్తది దిగగొట్టుడే. దీనిది ఇనుప బ్లాక్, బోర్ బ్లాక్‌లనే ఉంటది. ఒకసారి తప్పు కోస్తే వెనక్కి రాదు.

సాగర్ రోడ్ (దేవరకొండ)
రాడ్ల సంగతి నేను చెప్త. మనోళ్లు "300 హార్స్‌పవర్‌కు రాడ్ ఒంగుతది" అంటరు గాని రాడ్‌ను వంచేది హార్స్‌పవర్ కాదు, తక్కువ ఆర్పీఎంల ఒక్కసారి తన్నుకొచ్చే టార్క్. 3000 ఆర్పీఎంల టర్బో ఫుల్ బూస్ట్ ఇస్తే సిలిండర్ల ప్రెషర్ అంత రాడ్ నెత్తిన పడుతది, సన్న రాడ్ నడుమల ఒంగుతది. 1.8 టర్బో పాత బ్యాచ్‌లల్ల 20 ఎంఎం పిన్ను, జర లావు రాడ్లు వచ్చినయి, తర్వాత వాటిల్ల 19 పిన్ను, సన్న రాడ్లు. ఆ సన్నయి 350 న్యూటన్ మీటర్ల దగ్గర భయం పెడతయని ఈ ఇంజన్‌తో ఆడుకునేటోళ్లు అందరు చెప్పేదే.

అదే పై ఆర్పీఎంల కథ ఉల్టా. అక్కడ రాడ్‌ను నొక్కుడు కాదు, గుంజుడు. ఎగ్జాస్ట్ స్ట్రోక్ అయిపోయి పిస్టన్ పైనుంచి కిందికి మర్రేటప్పుడు దాని బరువు మొత్తం రాడ్ బోల్టుల మీద వేలాడుతది. లెక్క వేసి చూసిన. పిస్టన్, పిన్ను, రింగులు, రాడ్ పైభాగం కలిపి 600 గ్రాములు అనుకో, స్ట్రోక్ 86.4, రాడ్ పొడుగు 144. 6000 ఆర్పీఎంల గుంజుడు 1350 కిలోల దగ్గర వస్తది. 7000 కాడికి 1800 దాటుతది. ఆర్పీఎం పెరిగింది 17 శాతమే, గుంజుడు పెరిగింది 36 శాతం. అందుకని రాడ్ కొనేటప్పుడు హెచ్చా, ఐయ్యా అని లొల్లి పెట్టుకునే కంటే అందుల బోల్టులు ఏవి వస్తున్నయో చూడుర్రి. 4340 స్టీల్ రాడ్, ఏఆర్‌పీ కంపెనీ 2000 రకం బోల్టులు ఉంటే నీ 280కి ఏ బీమ్ అయినా నడుస్తది.

పాలమూరు పిస్టన్ (మహబూబ్‌నగర్)
అంటే హెచ్ బీమ్‌ల ఏం లేదంటవా? అందరు ఊకెనే వేస్తుండ్రా?

సాగర్ రోడ్ (దేవరకొండ)
ఉన్నది తమ్మి, లేదని కాదు. హెచ్ బీమ్ మిషన్ మీద చేసుడు సులువు, అగ్గువకు దొరుకుతది, బరువుకు తగ్గ బలం ఉంటది. బూస్ట్ మస్తు ఎక్కువ ఉన్న ఇంజన్లకు లావు ఐ బీమ్‌లు వేసేటోళ్లు కూడ ఉన్నరు. మన రేంజ్‌ల ఆ తేడా కనబడది. అగ్గువ రాడ్లల్ల అసలు తేడా పెద్ద ఎండ్ (క్రాంక్‌ను పట్టే కొస) గుండ్రంగ ఉందా లేదా అన్న కాడ తేలుతది. మా దోస్తు ఒకడు సెట్టు తెప్పిస్తే నాలుగింట్ల ఒకటి క్యాప్ టైట్ చేసినంక కోడిగుడ్డు లెక్క ఉండె.

మిర్యాల టర్బో (మిర్యాలగూడ)
కాకా, కొలిపిచ్చిన. 24 రాస్తే పెద్దగైతది, ముఖ్యమైనయి చెప్త. కంపెనీ సైజు 81.01 కదా. మూడోది పైన, రింగు తిరిగే కాడ 81.09, కింద 81.02. మిగతా మూడు పైన 81.06 నుంచి 81.07 మధ్యల ఉన్నయి. పిస్టన్ స్కర్టు మీద నిలువు గీతలు లేవు గాని మొత్తం మసక బూడిద రంగుల అరిగింది, గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు. రింగులు పదును తేలినయి, వేలు కోసుకున్న.

లేత్ కాక (నల్లగొండ)
నాకు అదే అనుమానం. నువ్వు ఓపెన్ ఫిల్టర్ అన్నవ్. బండి ఎక్కడ పెడతవ్ రోజూ?

మిర్యాల టర్బో (మిర్యాలగూడ)
మా రైస్ మిల్లుల. షెడ్డు వెనక. ఎందుకు?

లేత్ కాక (నల్లగొండ)
బాయిలర్‌ల ఊక కాలుస్తరు కదా. ఆ బూడిద పక్కనే ఎగురుతదా లేదా? ఊక బూడిదల 85-90 శాతం పైన సిలికానే ఉంటది తమ్మి, అంటే గాజు పొడి. నీ ఓపెన్ ఫిల్టర్ పాత ఆయిల్‌తోని ఎండిపోయి ఉంటది, ఆ సన్నపు పొడి దాంట్ల నుంచి లోపటికి పోయి రింగులను, బోర్‌ను పైనుంచి కిందికి రుద్దింది. పైన ఎక్కువ అరిగి కింద తక్కువ అరుగుడు దుమ్ము తిన్న ఇంజన్ సంతకం. మీ మిర్యాలగూడ మిల్లుల బండ్లు, లారీ కంప్రెసర్లు ఎన్ని చూసిన్నో లెక్క లేదు.

ఇంటేక్ పైపు ఇప్పి టర్బో ముందల లోపట వేలు పెట్టి తుడువు. వేలికి ఏం అంటిందో చెప్పు.

మిర్యాల టర్బో (మిర్యాలగూడ)
తుడిచిన. బూడిద. సన్నగ, ముగ్గు పిండి లెక్క. టర్బో కంప్రెసర్ రెక్కల అంచులు కూడ మొద్దుబారినయి. మా నాయినకు చూపెడితే "మరి మిల్లుల పెట్టకంటే విన్నవా" అన్నడు.

వనపర్తి వేగం (వనపర్తి)
అన్నా, బోర్ అరగడానికి బూడిద సరే. కానీ రింగు గట్టు విరగడానికి అదొక్కటే కారణం అనుకోవద్దు. గట్టు విరిగేది ఎక్కువ నాకింగ్ వల్ల. ఏప్రిల్‌లో మన దగ్గర 43-44 ఎండ, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) వేడెక్కిపోయి ఉంటది, మామూలు పెట్రోల్ పోసి రీమ్యాప్ బూస్ట్ ఇస్తే స్పార్క్ మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తనే పేలుతది, అదే నాకింగ్. ఏ పెట్రోల్ పోస్తవ్?

ఇంకో సంగతి, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) మీద పాత రీమ్యాప్ నడుపుతుంటే మిశ్రమం పలచబడుతది. మామూలు పెట్రోల్‌కు ఒక పాలు ఇంధనానికి 14.7 పాళ్లు గాలి సరిపోతే ఈ20కి 13.5 దగ్గరే సరిపోతది, అంటే ఇంజెక్టర్లు ఇంకా ఎక్కువ పోయాలి. ఫుల్ థ్రాటిల్‌లో పలచన అయితే పిస్టన్ పైభాగం వేడెక్కిపోతది. పిస్టన్లు ఎంచుకునే ముందు ట్యూన్ చేసేవాళ్లతో ఒకసారి మాట్లాడు.

పైన 2618 అన్నరు కాబట్టి పిస్టన్ల లోహం సంగతి. 4032, 2618 రెండూ అల్యూమినియం మిశ్రమాలే. 4032లో సిలికాన్ 12 శాతం దగ్గర ఉంటది, వేడికి తక్కువ పెరుగుతది, అందుకని బోర్‌కు దగ్గరగా పెట్టొచ్చు, పొద్దున స్టార్ట్ చేస్తే చప్పుడు తక్కువ, రింగు గాడులు ఎక్కువ రోజులు నిలుస్తయి. 2618లో సిలికాన్ ఉన్నా లేనట్టే, పావు శాతం కూడా ఉండదు. వేడికి ఎక్కువ పెరుగుతది, సందు ఎక్కువ ఇవ్వాలె, చల్లగున్నప్పుడు టక టక కొడతది. కానీ నాకింగ్ వస్తే 4032 పుటుక్కున విరుగుతది, 2618 కొంచెం సాగి ఓర్చుకుంటది. నాకైతే రోజూ ఆఫీసుకు పోయే బండికి 4032 సరి అనిపిస్తది, టర్బో పెద్దది పెట్టి ఎండల తొక్కే బండికి 2618.

జడ్చర్ల జోరు (జడ్చర్ల)
2618 మీద నా సొంత అనుభవం చెప్త, నవ్వొద్దు. నాది వేరే బండి, పేరు వద్దు. పిస్టన్లతో వచ్చిన కార్డుల 0.08 ఎంఎం సందు ఇయ్యాలని ఉండె. నేను బోర్ కొట్టిచ్చిన షాపాయన (ఇక్కడి ఆయన కాదు, పేరు చెప్ప) "ఇంత లూజు ఎవడన్న పెడతడా, పొగ కొడతది" అని తన తెలివితోని 0.04 పెట్టి ఇచ్చిండు. నేను కూడ టైటే మంచిదనుకున్న. మూడొందల కిలోమీటర్లు బాగ నడిచింది. కర్నూల్ పోతుంటే అడ్డాకుల దాటినంక 120ల పోతున్న, ఉన్నట్టుండి బండి ఎవరో వెనక నుంచి పట్టి గుంజినట్టు అయింది, క్లచ్ తొక్కే లోపల ఇంజన్ ఆగింది. అరగంట చల్లారినంక మళ్ల తిరిగింది గాని సంప్ ఇప్పి చూస్తే నాలుగు స్కర్టుల మీద నాలుగు మూలల గీసుకపోయింది. పిస్టన్ పెరిగి బోర్‌ను పట్టేసింది. సెట్టు మొత్తం తుక్కు కింద పోయింది.

కార్డుల ఏం రాసుంటే అది. మిషన్ మీద ఉన్నాయనకు కార్డు చేతికియ్యండి, గోడకు అంటించమనండి అవసరమైతే.

లేత్ కాక (నల్లగొండ)
జడ్చర్ల తమ్మి చెప్పింది నూటికి నూరు పాళ్లు. మాలో అసోంటోళ్లు ఉన్నరు, కాదనను. కాస్ట్ పిస్టన్ల కాలంల నేర్చుకున్న చెయ్యి, అలవాటు పోదు.

ఇగ మిర్యాల తమ్మి, నీ లెక్క. 81.09 అంటే 81.5కు బోర్ హోన్ చేస్తే (రాయితోని నున్నగ రుద్దితే) శుభ్రంగ వచ్చేస్తది. 82 దేనికి? గోడ మందం ఊకెనే పోగొట్టుకునుడు. రేపు మళ్ల ఏమన్న అయితే ఇంకో ఓవర్‌సైజుకు జాగ ఉండాలె కదా. 81.5 కాడ 1803 సీసీ, 82 కాడ 1825. 22 సీసీ కోసం బ్లాక్ ఆయుష్షు అమ్ముకుంటవా?

పాలమూరు పిస్టన్ (మహబూబ్‌నగర్)
సరే కాకా, నా మాట వాపస్ తీసుకుంటున్న 🙏

సాగర్ రోడ్ (దేవరకొండ)
82 వద్దనడానికి ఇంకో కారణం కూడ ఉంది. స్టాక్ కంప్రెషన్ రేషియో (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతదో) 9.5 అనుకుంటే ఒక్కో సిలిండర్ పైన మిగిలే జాగ 52 సీసీ చిల్లర. ఆ జాగ అట్లనే ఉంచి బోర్ 82 చేస్తే కంప్రెషన్ 9.7 అయితది. హెడ్ ప్లేన్ చేయిస్తే ఇంకా ఎక్కుతది. మన ఎండల, మన పెట్రోల్‌తోని, పెద్ద టర్బోకు అది ఉల్టా దిక్కు. పిస్టన్ ఆర్డర్ పెట్టేటప్పుడు దాని నెత్తి మీది గుంట సైజు చూసి 9.0, 9.2 దగ్గర వచ్చేటట్టు తీసుకో. మరీ 8.5కు దించితే టర్బో లేచే దాక బండి ఎద్దుబండే.

ఇంకో మూడు ముచ్చట్లు, మర్చిపోకు. పిస్టన్, రాడ్ ఒకే పిన్ను సైజు ఉండాలె, 19 పిస్టన్ 20 రాడ్ కొని ఏడ్చినోళ్లు ఉన్నరు. రాడ్ పై ఎండ్ స్టాక్‌ల ఏటవాలుగ కోసి ఉంటది, బయట రాడ్లు కొన్ని సీదాగ వస్తయి, పిస్టన్ లోపట ఆ వెడల్పు పట్టాలె. ఈ ఇంజన్‌కు బ్లాక్ కింద పిస్టన్ మీద ఆయిల్ చిమ్మే జెట్లు ఉంటయి, కొత్త స్కర్టు వాటికి తగుల్తదేమో చేత్తోని క్రాంక్ తిప్పి నాలుగు సిలిండర్లు చూడు. పీకేసి డమ్మీలు కొట్టమని ఎవడన్న చెప్తే వినకు, పిస్టన్‌ను చల్లగ ఉంచేదే అవి.

మిర్యాల టర్బో (మిర్యాలగూడ)
దండం అందరికి. 82 కార్ట్ నుంచి తీసేసిన. 81.5, 2618, 20 పిన్ను, 9.2 కంప్రెషన్, 144 రాడ్లు ఆర్డర్ పెట్టిన. రెండు సెట్లు కలిపి లక్ష దాటింది, కస్టమ్స్ వేరే. ఇంట్ల 40 వేలని చెప్పిన.

డీజిల్ మామ (సూర్యాపేట)
మీ నాయిన ఈ థ్రెడ్ చదవడు కదా?

మిర్యాల టర్బో (మిర్యాలగూడ)
నెల తర్వాత వచ్చినయి. బ్లాక్ కాక షాపుల ఇచ్చిన (అవును, అదే కాక, నల్లగొండ పోయి కలిసిన, చాయ్ తాగించిండు). ఒక లొల్లి అయింది. పిస్టన్లు నేను కార్ల ఏసీల పెట్టుకొని తెచ్చిన, బ్లాక్ షెడ్డుల ఉంది. కాక మైక్రోమీటర్ పట్టలేదు, పిస్టన్లు తీసి బ్లాక్ పక్కన బల్ల మీద పెట్టి, గోనె సంచి కప్పి "రేపు పొద్దుగాల రా" అన్నడు. నేను 40 కిలోమీటర్లు వచ్చిన, ఇదేంది అనుకున్న.

లేత్ కాక (నల్లగొండ)
చెప్తే ఇనవని చెప్పలే. ఇప్పుడు చెప్త. పిస్టన్ 24 డిగ్రీలల్ల, బ్లాక్ 42ల ఉంటే బోర్ ఒక్కటే పెరిగి ఉంటది, ఉన్నదానికంటే సందు ఎక్కువ కనబడుతది. 1, 2 పాయింట్లు (పాయింటంటే 0.01 ఎంఎం) తప్పు వస్తది. రెండూ 42ల ఉన్నా పరేషానే, అల్యూమినియం ఇనుము కంటే రెండింతలు పెరుగుతది. 20 డిగ్రీలల్ల ఉండే సందు కంటే 0.02 తక్కువ కనబడుతది, మనం అది నిజమనుకొని ఇంకో రెండు పాయింట్లు ఎక్కువ హోన్ చేస్తం. అందుకని ఎండకాలం తుది కొలత నేను తెల్లారకట్ట 5 గంటలకే పెడత, రాత్రంత రెండూ ఒక్క కాడ పండినంక.

కొలిచేది కూడ పిస్టన్ నెత్తి మీద కాదు. పిస్టన్ గుండ్రంగ ఉండదు, సీదా కూడ ఉండదు, పైన సన్నం, పిన్ను దిక్కు సన్నం. కార్డుల చెప్పిన ఎత్తు కాడ, పిన్నుకు అడ్డంగ స్కర్టు మీద పట్టాలె.

హెడ్ బోల్టులు బిగిస్తే బోర్ వంకర అయితది కాబట్టి మందం ఇనుప ప్లేట్ బిగించి హోన్ చేసిన. ప్లేట్ నా దగ్గర లేదు, కోయంబత్తూరు దిక్కు రేస్ ఇంజన్లు చేసే దోస్తు దగ్గర అడిగి తెప్పిచ్చిన. నాలుగు బోర్లు 0.08 సందు మీద వచ్చినయి.

వనపర్తి వేగం (వనపర్తి)
రింగు గ్యాప్ ఎంత పెట్టిన్రు కాకా?

లేత్ కాక (నల్లగొండ)
టాప్ రింగు 0.45, రెండోది 0.50. టర్బోకు బోర్ సైజును 0.005 నుంచి 0.0055తోని గుణిస్తే వచ్చేది 0.41 నుంచి 0.45. నేను పై అంచుకే పెట్టిన, ఎండలు చూసి. గ్యాప్ తక్కువైతే వేడికి రింగు కొసలు ఒకదానికొకటి తగిలి మళ్ల గదే గట్టు విరుగుతది. రాడ్ బేరింగులకు ప్లాస్టిగేజ్ (సందు కొలిచే మెత్తటి ప్లాస్టిక్ తీగ) పెడితే 0.05 వచ్చింది, 47.8 ఎంఎం క్రాంక్ జర్నల్‌కు సరిపోతది. బోల్టులు టార్క్ రెంచ్ ఒక్కదాని మీద వదల్లే, గేజ్ పెట్టి సాగుడు కొలిచి బిగించిన. ఒక రాడ్ మిగతా వాటి కంటే 3 గ్రాములు ఎక్కువ ఉండె, రుద్ది సమానం చేసిన.

జడ్చర్ల జోరు (జడ్చర్ల)
రన్నింగ్ ఇన్ (కొత్త రింగులు బోర్‌కు కూర్చునేటట్టు నడుపుడు) ఎట్ల చేస్తున్నవ్ మిర్యాల? ఐడ్లింగ్‌ల పెట్టి గంటలు గంటలు నడపకు, రింగులు కూర్చోవు. మినరల్ ఆయిల్ పోసి రోడ్డు మీద నడుపు, మూడో గేర్ల 2500 నుంచి 4000 దాక సగం థ్రాటిల్‌ల లాగి కాలు తీసెయ్, ఇంజన్ బ్రేకింగ్‌ల రానీ. బూస్ట్ తక్కువ పెట్టమను.

మిర్యాల టర్బో (మిర్యాలగూడ)
నార్కట్‌పల్లి – అద్దంకి రోడ్డు మీదనే చేస్తున్న, వాడపల్లి దాక పోయి మర్రి వస్తున్న. 50 కిలోమీటర్లకు ఆయిల్ మార్చిన, ఫిల్టర్ కోసి చూస్తే లోహపు పొడి మెరుపు కొంచెమే ఉంది. కంపెనీ ఎయిర్ బాక్స్ మళ్ల పెట్టిన, పేపర్ ఫిల్టర్‌తోని. బండి ఇప్పుడు మిల్లుల కాదు, ఇంటి ముందలే. 95 ఆక్టేన్ పెట్రోలే (నాకింగ్‌ను తట్టుకునేది) పోస్తున్న.

ఒక్క అనుమానం. పొద్దుగాల స్టార్ట్ చేస్తే టక టక టక అని కొడుతుంది. నిన్న అమ్మ బయటికొచ్చి "ట్రాక్టర్ ఎవలదిరా" అన్నది. భయమైతుంది.

వనపర్తి వేగం (వనపర్తి)
కూలెంట్ వేడెక్కినంక ఉంటుందా?

మిర్యాల టర్బో (మిర్యాలగూడ)
90 డిగ్రీలు కాంగనె పోతుంది. గాలి ఊదినట్టు.

లేత్ కాక (నల్లగొండ)
అయితే అది పిస్టన్ స్కర్టే, 2618 అడిగి తెచ్చుకున్నదే. వేడెక్కినంక కూడ కొట్టిననాడు బండి ఆపి నాకు ఫోన్ చెయ్. అప్పటిదాక నీళ్లు వేడెక్కకముందు బూస్ట్ మీదికి పోకు. అమ్మకు ట్రాక్టరే అని చెప్పు.